పాతర తెరిచిన నాడు

మూసీ ఒడ్డు పొంటి గడ్డిమడులుండె.
పట్నం పారబోసిన నీళ్లు తాగి
నడుమెత్తు లేచే పారాగడ్డి.
తెల్లారగట్ల నాలుగింటికి
నాగోల్ వంతెన కింద మోపులు దిగేటివి.
ఇప్పుడా మడుల నిండ
సున్నపు గీతలు, నంబరు రాళ్లు.
నంబరు రాయిని ఏ బర్రె నెమరేస్తది?

గట్ల వచ్చింది మా కొట్టంలకు వరిగడ్డి.
హార్వెస్టర్ నమిలి ఉమ్మేసింది,
శంకర్‌పల్లి దిక్కు రైతు అగ్గిపుల్ల గియ్యబోతే
చెయ్యి పట్టి ఆపి
లారీకెత్తించుకొచ్చిన.
కడుపు నింపుతది, పొదుగు నింపదు.
ఎనిమిది బర్రెలు
అప్పు కట్టినట్టు తిన్నై.
తొమ్మిదోది, ముసలి కాటుక,
మూతి తిప్పుకొని గోడను చూసింది.

రాజేంద్రనగర్ నుంచి స్కూటీ మీద వచ్చింది
చంద్రకళ మేడం.
గడ్డిపోచ విరిచి, కొరికి, ఉమ్మి,
"పాతరెయ్యి ఎల్లేశ్" అన్నది.
నాకు నవ్వొచ్చింది.
పాతరెయ్యనీకి ఇది సచ్చిందా ఏంది?

మొదటిసారి నిజంగనే సచ్చింది.
డ్రమ్ము మూతకు వెంట్రుకంత పగులు,
నేను చూడలే.
మూత తీస్తే తెల్లబూజు,
దాని కింద నల్లటి జిగురు.
మీది అంతస్తు కిరాయోళ్లు
మూడు రోజులు కిటికీలు తెరవలే.
మేడం తిట్టలే. ఒక్కటే అడిగింది:
"గాలికి తలుపు తీసిందెవరు?"

మల్ల మొదలువెట్టినం.
రెండేళ్ల మందం ముక్కలు.
బెల్లపు మడ్డి నీళ్లల్ల కలిపి
చిలకరిచ్చుడు, తిరగేసుడు.
కొత్తపేట ముస్తాక్ జ్యూస్ బండి నుంచి
బత్తాయి తొక్కలు, చెరుకు పిప్పి.
పారేసేదానికి పైసలెందుకన్నడు గాని
రోజుకో లీటరు పాలకు ఒప్పుకున్నడు.
సక్కుబాయి ఓ చెంబెడు మజ్జిగ తేట పోసింది,
ఇంట్ల పెరుగు తోడేసే చేత్తోనే.

పిడికిట పట్టి పిండాలె.
నీళ్లు కారితే ఎక్కువైనట్టు.
పొడిపొడి రాలితే చాలనట్టు.
చెయ్యి తెరిస్తే ఆ ముద్ద
నిద్రలేచే పసిపిల్ల లెక్క
మెల్లగ విచ్చుకోవాలె.
యాభై ఏండ్లొచ్చినై నాకు,
గడ్డికి నాడి ఉంటదని
అప్పుడే తెలిసింది.

గుంతల పోసి తొక్కినం.
మా ప్రవల్లిక చెవులల్ల పాటలు పెట్టుకొని
రెండు గంటలు తొక్కింది.
డిగ్రీ పరీక్షల కోపమంతా దిగిందన్నది.
మీద పాలిథిన్ కవరు,
దాని మీద ఒక ఫ్లెక్సీ బోర్లించినం,
మా గడ్డిమడుల మీద లేచిన వెంచరుదే,
గాలివానకు కొట్టుకొచ్చింది.
పాత టైర్లు బరువు పెట్టినం.

నలభై అయిదు రోజులు.
ఎన్నిసార్లు అంచు ఎత్తబోయిన్నో
సక్కుబాయికి తెలుసు.
"కడుపుతో ఉన్నదాన్ని గిట్లనే పొడుస్తరా?" అన్నది ఒకనాడు.
వానొచ్చింది, పోయింది.
సదర్ నాడు దున్నపోతులకు దండలేసి
ఊరంతా డప్పుల్ల తడిసింది.
నేను మాత్రం గుంత కాడ్నే కూసున్న.

తెరిచినం.
పుల్లటి వాసన.
ఊరగాయది కాదు, కల్లుకుండది కాదు,
రెండిటికీ వరసయ్యే వాసన.
ఎండుగడ్డి పసుపు
తేనె దిక్కు తిరిగింది.
మేడం కాగితం ముక్క ముంచి రంగు చూసింది,
ఏదో అంకె రాసుకున్నది.
నేను కాటుకను చూసిన.

ముందు ముక్కు పెట్టింది.
తుమ్మింది.
ఎనకకు రెండడుగులేసింది.
నా పానం గడప కాడికొచ్చింది.
మల్ల వచ్చింది,
నాలుక చాపింది,
ఇగ తల ఎత్తలే.

పాలు ఏరులై పారినయని చెప్ప.
పూటకు అర్ధలీటరు.
సెంటర్ల పిలగాడు వెన్న మిషన్‌ను
రెండుసార్లు తట్టి చూసిండు, గంతే.
దాణా బస్తా నెలకు రెండు తగ్గినై.
ముస్తాక్ ఇప్పుడు తొక్కలకు పైసలడుగుతున్నడు.

రాత్రి కొట్టంల బల్బు కింద
తొమ్మిది దవడలు నెమరేస్తున్న చప్పుడు.
ఫ్లెక్సీని నేల మీద పరిచి
దాని మీదనే గడ్డి పోసిన.
అంతా అయిపోయినా కాటుక పోతలేదు.
"త్వరపడండి, కొన్ని ప్లాట్లే మిగిలినవి"
అన్న అక్షరాల మీద
ఆఖరు పులుపును నాకుతున్నది.